ఏ కూన ఏ ఇంటికి?

రాజమండ్రి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో సాధారణంగా అత్తగారి సంగతో, ఆడపడుచు సంగతో, ఆఫీసులో ప్రమోషను సంగతో ఉంటుంది. ఈ ఉత్తరంలో మూడూ కొద్దికొద్దిగా ఉన్నాయి గాని, అసలు సంగతి మాత్రం కుక్కపిల్లలది.

వాళ్ళ కుక్క ఆరు పిల్లల్ని పెట్టిందట. ఇప్పటికి ఐదు వారాలు నిండాయి. తల్లి లాబ్రడార్. తండ్రి ఎవరో "వీధి వీధంతటికీ తెలుసు, మా వారు మాత్రం ఒప్పుకోరు" అని వ్రాశారు. కబురు నలుగురికీ తెలిసేసరికి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వారి ఆఫీసులో పై అధికారి అన్నిటికన్నా హుషారైన పిల్లను తనకు అట్టిపెట్టమన్నారు. ఆడపడుచు ఫోటోలు చూసి, ఎప్పుడూ మూల ఒదిగి పడుకునే తెల్లపిల్ల మీద మనసు పడ్డారు. "పాపం, నోరులేనిది. మా పిల్లలు దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటారు" అన్నారట. ఆవిడకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చివరివాడికి మూడు. అత్తగారేమో, నెల దాటింది గదా, అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇచ్చేసి వసారా కడుక్కోండి అంటున్నారు. "ఎవరికి ఏది ఇవ్వమంటారు? ఆడపడుచును కాదంటే కోపం. ఇద్దామంటే నాకెందుకో మనస్కరించడం లేదు" అని ఆ సోదరి ప్రశ్న.

మనస్కరించకపోవడంలో అర్థముందండీ. ఐదు వారాలుగా ఆ పిల్లల్ని పొద్దస్తమానం చూస్తున్నది మీరు. ఫోటో చూసినవారికి రంగు తెలుస్తుంది, చెవుల అందం తెలుస్తుంది. గుణం ఎలా తెలుస్తుంది? కుక్కపిల్లను ఎంచవలసింది పుచ్చుకునేవారు కాదు, ఇచ్చేవారు. ఈ మాట కాస్త పొగరుగా వినిపిస్తుందని నాకు తెలుసు. అయినా పదిహేనేళ్ళుగా కుక్కపిల్లలకు ఇళ్ళు చూసే పని నా నెత్తిన పడి ఉంది కనుక చెబుతున్నాను. మా వారు నాకు "పెళ్ళిళ్ళ పేరయ్య" అని పేరుకూడా పెట్టారు.

పిల్లను తీసుకునేటప్పుడు, దీన్ని తర్వాత వదిలేద్దామని అనుకుని ఎవరూ తీసుకోరు. నాలుగో నెల దాకా బాగానే ఉంటుంది. అప్పుడు పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు మొలుస్తాయి. చెప్పులు, కుర్చీ కాళ్ళు, అమ్మాయి లెక్కల నోటు పుస్తకం, ఏది దొరికితే అది కొరుకుతుంది. ఆ సమయంలో కుక్కకూ ఇంటికీ పొత్తు కుదిరి ఉంటే నవ్వుకుని చెప్పులు పైన పెట్టుకుంటారు. కుదరకపోతే ఒకనాడు గేటు తీసి ఉంటుంది. అడిగితే "ఎక్కడికో పోయిందండీ" అంటారు. మా కాలనీలో మూడో అంతస్తు దంపతులు ఎక్కడినుంచో ఒక మగపిల్లను తెచ్చుకున్నారు. మహా చురుకైనది, ఒక్క నిమిషం కాలు నిలవదు. ఇద్దరూ ఉద్యోగస్థులు. తొమ్మిదింటికి తలుపు వేసుకుపోతే రాత్రి ఏడింటికి రాక. పది గంటలు ఆ చురుకంతా ఏం కావాలి? అరుపుగా మారింది. పక్కవాళ్ళు పోట్లాటకు వచ్చారు. చివరకు ఒక ఆదివారం కారెక్కించుకుపోయి జాతీయ రహదారి పక్క దాబా దగ్గర దింపి వచ్చారని పనిమనిషి ద్వారా తెలిసింది. ఇంద్రుడు రథం తెచ్చి నిలబెట్టినా కుక్కను వదిలి ఎక్కనన్నాడు ధర్మరాజు. మనవాళ్ళు రథంమీద తీసుకుపోయి మరీ వదిలి వస్తున్నారు! ఆ దంపతులు చెడ్డవాళ్ళు కారు సుమండీ. పిల్లా చెడ్డది కాదు. ఇద్దరినీ కలపకుండా ఉండవలసింది, అంతే.

మన తెలుగులో రెండు సామెతలున్నాయి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అని ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఇంకొకటి. పిల్లల పెంపకం మాట వస్తే ఎవరికి అనుకూలమైన సామెత వాళ్ళు వాడుకుంటాం. మంచి మార్కులు వస్తే మొదటిది, రాకపోతే రెండోది. కుక్కపిల్లల విషయంలో మాత్రం ఏ సామెత ఎంతవరకు నిజమో శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కూర్చుని చూశారు.

అమెరికాలో మేయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే చిన్న ఊరుంది. అక్కడి జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఐదు జాతుల కుక్కలను పెంచి, పుట్టిన నాటినుంచీ ప్రతి పిల్ల నడవడినీ వ్రాసిపెట్టారు. 1965లో అదంతా పుస్తకంగా వచ్చింది. జాతికీ జాతికీ తేడా ఉన్నమాట నిజమేగాని, ఒకే జాతి పిల్లల మధ్య తేడాకూడా తక్కువేమీ కాదని తేలింది. కనుక "లాబ్రడార్ అయితే శాంతం" అని కళ్ళు మూసుకుని తీసుకునేవాళ్ళు జాతిపేరు చూస్తున్నారుగాని ఎదురుగా ఉన్న పిల్లను చూడటంలేదన్నమాట.

అక్కడే చేసిన మరొక ప్రయోగం 1961లో వెలువడింది. కొన్ని పిల్లల్ని తల్లితోపాటు ఎత్తైన కంచె వేసిన మైదానంలో, మనిషి కంటబడకుండా పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల్లో లోపలికి తెచ్చి ఒక్క వారంపాటు మనుషులతో ఆడనిచ్చారు. కొన్నిటిని పధ్నాలుగు వారాలు నిండేదాకా అసలు తీసుకురాలేదు. ఈ చివరివి అడవిజంతువుల్లా తయారయ్యాయి. మనిషి దగ్గరికి వస్తే పారిపోవడమే. తర్వాత ఎంత బుజ్జగించినా మిగతావాటిలా మచ్చిక కాలేదు. మూడో వారం మొదలు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసుకు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ఆ తర్వాత మెల్లమెల్లగా మూసుకుంటాయి. రెండో సామెతకు ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

మొదటి సామెత సంగతి కాలిఫోర్నియాలో చూద్దాం. అక్కడ శాన్ రఫేల్‌లో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థ ఉంది. వెనుకటి రోజుల్లో శిక్షణకు తీసుకున్న కుక్కల్లో ఎక్కువ భాగం మధ్యలోనే తప్పిపోతుండేవి. ఫాఫెన్‌బెర్గర్ అనే ఆయన స్కాట్ గారి సలహాతో, పిల్లల్ని చిన్నతనంలోనే వారం వారం పరీక్షించి ఎంచే పద్ధతి పెట్టారు. దానితో శిక్షణ పూర్తిచేసే కుక్కల సంఖ్య బాగా పెరిగింది. 1963లో ఆయన ఈ అనుభవమంతా పుస్తకంగా వ్రాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. పరీక్షలో నెగ్గిన పిల్లల్నికూడా వెంటనే ఒక ఇంటికి పంపకుండా దొడ్లోనే మరికొన్ని వారాలు ఉంచితే, వాటిలో చాలా మటుకు చెడిపోయాయట. అంటే పుట్టుకతో వచ్చిన పరిమళం నిలబడాలంటే నీళ్ళు పోసేవాళ్ళు వేళకు దొరకాలి.

తర్వాత తర్వాత ఈ పరీక్షలు ఇళ్ళలోకికూడా వచ్చాయి. 1970ల్లో కాంప్‌బెల్ అనే ఆయన ఏడు వారాల పిల్లకు ఐదు చిన్న పరీక్షలు ఏర్పరిచారు. కొత్త మనిషి చప్పట్లు కొట్టి పిలిస్తే వస్తుందా, నడిచి వెళ్ళిపోతుంటే వెంట వస్తుందా, వెల్లకిలా పడుకోబెట్టి అరనిమిషం పట్టుకుంటే గింజుకుంటుందా ఊరుకుంటుందా, వీపు నిమిరితే ఏంచేస్తుంది, రెండు చేతులతో కాస్త పైకెత్తితే ఏంచేస్తుంది, ఇవీ ఆ ఐదు. చూడటానికి సరదాగా ఉంటుంది, ఇంట్లో పిల్లలందరూ చుట్టూ చేరతారు. కాని అదే జాతకమని నమ్మకండి. ఆస్ట్రియాలో వియన్నా శాస్త్రజ్ఞులు బోర్డర్ కోలీ పిల్లల్ని పుట్టిన కొద్ది రోజులకూ, ఆరేడు వారాలకూ పరీక్షించి, పెద్దయ్యాక మళ్ళీ వాటినే పరీక్షించారు. 2014లో ఫలితాలు ప్రకటించారు. కొత్తచోటును తిరిగి తిరిగి వెతికి చూసే గుణం ఒక్కటే చిన్నప్పటికీ పెద్దయ్యాకకూ కొంత సరిపోయింది. మిగతా మార్కులు దాదాపు నిలవలేదు.

మరి ఇంకెందుకు ఈ తంటా అంటారేమో. ఒక పూట పరీక్ష వేరు, ఎనిమిది వారాల కాపురం వేరు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పాట పాడిందా లేదా అన్నది ఒక పరీక్షే. ఆ అమ్మాయి పక్కింట్లో పెరిగి ఉంటే మీకు ఆ పాటతో పని ఉండదు గదా. పైగా మనం ఆ పిల్ల పదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో జోస్యం చెప్పనక్కరలేదు. వచ్చే ఆరునెలలు, అంటే గేటు తీసే ఆ నెలలు, ఏ ఇంట్లో గట్టెక్కుతుందో చెప్పగలిగితే చాలు.

నేను చూసే పద్ధతి చెబుతాను. ముందు పిల్లలకు గుర్తుగా రంగు దారాలు వదులుగా మెడకు కట్టుకోండి. రోజూ సరిచూసి సడలించాలి సుమా, వాటి మెడలు రోజురోజుకూ లావవుతాయి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, పాలు తోడుపెట్టిన తర్వాత రెండు నిమిషాలు వ్రాయండి. అన్నం పళ్ళెం దగ్గర ఎవరు ఎవరిని తోస్తున్నారు, తోయించుకున్నది పక్కనుంచి దూరిందా, వెళ్ళి కూర్చుందా? స్టీలు గ్లాసు దొర్లించి చూడండి. అందరూ ఉలిక్కిపడతారు, దానిలో తప్పేమీ లేదు. ఉలిక్కిపడ్డాక ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఒకటి వెంటనే వచ్చి గ్లాసును వాసన చూస్తుంది. ఒకటి నాలుగడుగులు వెనక్కు వేసి, ఆలోచించి, తర్వాత వస్తుంది. ఒకటి మంచం కిందికి దూరి భోజనం వేళకుకూడా రాదు. నన్నడిగితే మొత్తం మీద కుక్కపిల్లలో చూడవలసిన గుణం ఈ తేరుకోవడమే. మనిషిలో మాత్రం కాదా ఏమిటి?

ఇంకొక్క సంగతి. ఆరింటిలో ఉన్నప్పుడు కనబడే గుణం ఒకటి, విడిగా తీసుకువెళితే కనబడేది మరొకటి. తోబుట్టువుల మధ్య రౌడీలా తిరిగేది వంటింట్లో ఒంటరిగా వదిలితే కుయ్యోమని ఏడవవచ్చు. మూల నక్కిన పిల్ల ఒంటరిగా అయితే తాపీగా పెరడంతా తిరిగి రావచ్చు. ఉమ్మడి కుటుంబంలో నోరెత్తని కోడలు వేరుకాపురం పెట్టాక ఎలా మాట్లాడుతుందో మీరందరూ చూసే ఉంటారు. కనుక రాజమండ్రి సోదరి ఈ వారంలోనే ఒక్కొక్క పిల్లను విడిగా తీసుకువెళ్ళి, పావుగంట కూర్చుని చూడాలి. ముఖ్యంగా ఆ తెల్లదాన్ని.

ఇక ఇళ్ళ సంగతి. అడిగినవారిని "మీరు కుక్కను బాగా చూసుకుంటారా?" అని అడగకండి. చూసుకోమని ఎవరంటారు? పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎన్ని గంటలు తాళం వేసి ఉంటుంది, ఉదయం ఐదున్నరకు లేచి తిప్పేది ఎవరు, అద్దె ఇల్లయితే ఇంటివారు ఒప్పుకున్నారా, వేసవి సెలవుల్లో ఊరెళితే ఎక్కడ ఉంచుతారు, ఇంట్లో కుక్క అంటే గిట్టనివారు ఎవరు? ఈ చివరి ప్రశ్నకు ఎప్పుడూ ఒకరు ఉంటారు. ఆ ఒక్కరితోనే నేను ముందు మాట్లాడతాను. నిరుడు ఒక ఇంట్లో అందరూ ఉత్సాహంగా ఉండగా నాయనమ్మగారు ఒక్కరే మడి అడ్డమన్నారు. ఆవిడతో అరగంట కూర్చుంటే, కుక్క వంటింటి గడప దాటకూడదన్న ఒక్క షరతుమీద ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ కుక్క గడప అవతల కూర్చుని ఆవిడ విసిరే దోసె ముక్కలు పట్టుకుంటోంది.

రాజమండ్రి ఉత్తరానికి వద్దాం.

అత్తగారి మాట ముందు. నెలకు ఇచ్చేయడం పాతకాలపు అలవాటే. కాని ఎనిమిది వారాలు నిండేవరకు తల్లినుంచి విడదీయకండి. ఇటలీలో 2011లో ప్రకటించిన ఒక పరిశీలనలో, నెలా నెలాపదిరోజులకే విడదీసిన పిల్లలు, రెండు నెలలుంచిన పిల్లలకన్నా పెద్దయ్యాక ఎక్కువగా అరవడం, చప్పుళ్ళకు బెదరడం, వస్తువులు పాడుచేయడం కనబడింది. ఎంత గట్టిగా కొరికితే నొప్పో పిల్లకు నేర్పేది తల్లి, తోబుట్టువులు. ఆ పాఠం మానిపించి పంపితే మీ ఆడపడుచు పిల్లల చేతులమీద నేర్చుకుంటుంది. మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మకూడదు. మీరు అమ్మడం లేదనుకోండి, అయినా అత్తగారికి ప్రభుత్వం మాట చెబితే కోడలి మాటకన్న బరువు ఉంటుంది. వసారా నేను చెప్పానని ఇంకో మూడు వారాలు కడుగుతూ ఉండండి.

అధికారిగారు హుషారైనది కావాలన్నారు. హుషారుకు సరిపడా మనిషి ఆ ఇంట్లో ఉన్నారా అన్నది చూడాలి. ఆయనకు కాలేజీలో చదివే కొడుకున్నాడనీ, రోజూ గోదావరి గట్టున పరుగెత్తుతాడనీ వ్రాశారు. ఇక సందేహం ఎందుకు? నిశ్చింతగా ఇవ్వండి. కాని అబ్బాయిని ముందు రెండుసార్లు మీ ఇంటికి రమ్మనండి. అబ్బాయికి కుక్క కావాలా, తండ్రిగారికి గేటు దగ్గర దర్జా కావాలా అన్నది ఆ రెండుసార్లలో బయటపడుతుంది. రెండోదైతే ఇవ్వవద్దు. ప్రమోషను ఎలా రావలసి ఉంటే అలా వస్తుంది.

ఇప్పుడు ఆడపడుచు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. మూడేళ్ళ పిల్లవాడు ఉన్న ఇంటికి బెదురు పిల్లను పంపకూడదు. జాలితో తీసుకున్నా సరే, జాలితో తీసుకుంటే మరీను. బెదురుపిల్లకు దాక్కునే చోటు కావాలి. మూడేళ్ళవాడికి అది దాక్కున్నచోటే ఆట. మంచం కింద చెయ్యి పెట్టి తోక పట్టుకు లాగుతాడు. మొదట అది ముఖం తిప్పుకుంటుంది, తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు పెద్దవాళ్ళు దాన్ని కొడతారు. అంతటితో అది గుర్రుమనడం మాని, ఏ హెచ్చరికా లేకుండా కరవడం నేర్చుకుంటుంది. కుక్క కాట్లలో భయంవల్ల వేసేవి చాలా ఉంటాయి. పసివాళ్ళను కరిచేవీ తరచుగా తెలిసిన కుక్కలే. ఆపైన పసివాడి బుగ్గమీద గాటు, సబ్బుతో పావుగంటసేపు కడగడం, సూదులకోసం ఆసుపత్రి, వదినా మరదళ్ళ మధ్య మాటలు, చివరకు ఆ తెల్లపిల్ల రోడ్డుమీద. పాపమన్న మాటతో మొదలైన సంగతి ఇక్కడికి వస్తుంది.

ఆవిడకు "ఇవ్వను" అని చెప్పకండి. "వదినా, మీ ఇంటికోసం ఒకదాన్ని అట్టిపెట్టాను" అని చెప్పండి. ఉత్తరం చివర మీరే వ్రాశారు: నల్లమచ్చల పిల్ల ఒకటి ఎవరు ఎత్తుకున్నా చేతుల్లో నిద్రపోతుందని, పళ్ళెం దగ్గర తోస్తే పక్కనుంచి దూరుతుందని. అందరూ చురుకైనదాన్నో, బెదురుదాన్నో అడుగుతారు. మధ్యరకం పిల్లను ఎవరూ అడగరు. అదే పిల్లలున్న ఇంటికి లక్షణమైనది. వదినగారిని పిల్లలతో సహా ఒక ఆదివారం రమ్మని, ఆ మచ్చలదాన్ని వాళ్ళ మధ్య వదలండి. మూడేళ్ళవాడు కేకపెట్టి పరుగెడితే తెల్లది ఎక్కడికి పోతుందో, మచ్చలది ఎక్కడికి వస్తుందో ఆవిడే చూస్తారు. మీరు నోరు విప్పనక్కరలేదు.

మరి తెల్లది? దానికి ఇంకా పన్నెండో వారం దాకా గడువుందని మరవకండి. రోజుకొక కొత్త మనిషిని, ఒక్కొక్కరినే, నేలమీద కూర్చోబెట్టి చేతిలో ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టించండి. అదే దగ్గరికి రావాలి, మీరు తీసుకువెళ్ళి ఒళ్ళో పెట్టకూడదు. గొడుగు, మిక్సీ, కుక్కరు ఈల, అన్నీ దూరంనుంచి మొదలుపెట్టి పరిచయం చేయండి. దీపావళి టపాకాయలకు ముందే ఈ పని కావాలి. ఆరు వారాలు దాటగానే పశువుల డాక్టరుగారికి చూపించి టీకాలు మొదలుపెట్టించండి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా తప్పదు. ఏ పిల్లను ఎవరికిచ్చినా ఆ కాగితం చేతిలో పెట్టి పంపండి. "కుదరకపోతే రోడ్డుమీద వదలకుండా నాకే తిరిగి ఇవ్వాలి" అన్న మాటకూడా తీసుకోండి. అధికారిగారి దగ్గరైనా సరే.

మీ ఉత్తరంలో మూడో పేజీ అంచున, మీరు వేరే సంగతి వ్రాస్తూ ఒక వాక్యం వ్రాశారు. ఎదురింటి రిటైరైన మేష్టారు సాయంకాలం మీ అరుగుమీద కూర్చుని పేపరు చదువుకుంటారనీ, భార్య పోయాక ఆయన ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనీ, తెల్లపిల్ల ఎందుచేతనో ఆయన చెప్పుల పక్కకు వచ్చి పడుకుంటుందనీ. ఆయన కుక్క కావాలని అడగలేదు. అడిగే స్వభావంకూడా కాదేమో. ఆరోగ్యం ఎలా ఉందో, ఉదయం సాయంత్రం నడుస్తారో లేదో, ఊరెళితే మీరు చూసుకోగలరో లేదో కనుక్కుని, మీరే ఆయన్ని అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఒత్తిడి చేయకండి. సరే అంటే, తల్లి పడుకున్న గోనెపట్టా నుంచి ఒక ముక్క కత్తిరించి పిల్లతో పంపండి. మొదటి రెండు రాత్రులు దానిమీద పడుకుంటుంది.